సోమలింగం కొడుకా, అల్లుడా?

గ్రూపులో అందరికీ నమస్కారం. ఒక సామెత గురించి అడగాలి. దాని వెనక ఆదివారం మా ఇంట్లో జరిగిన చిన్న పంచాయితీ కూడా చెప్పాలి. కాస్త పొడుగే, ఓపిక పట్టండి.

మా మేనల్లుడు ఇక్కడ బెంగళూరులోనే ఇంజనీరింగ్ చదువుతున్నాడు. శని, ఆదివారాలు హాస్టల్ నుంచి మారతహళ్ళిలో మా ఇంటికి వచ్చేస్తాడు. అమ్మమ్మ చేతి వంట కోసమని చెప్తాడు గానీ అసలు పని నా ప్లేస్టేషన్ 5తో, అంటే టీవీకి తగిలించి ఆడుకునే గేమ్ కన్సోల్‌తో. మొన్న ఆదివారం లాప్‌టాప్‌లో ఒక ఎక్సెల్ షీటు తెరిచి చూపించాడు. పేరు 'పీఎస్6 ఫండ్', అంటే ఇంకా రాని ప్లేస్టేషన్ 6 కొనడానికి దాచే డబ్బు. నెలకు రెండు వేల చొప్పున గళ్ళు నింపుకుంటూ పోయాడు. ధర గడిలో 80,000 అని వేసి పక్కన ప్రశ్నార్థకం పెట్టాడు. వచ్చే సంవత్సరం గడిలో మాత్రం ప్రశ్నార్థకం కూడా లేదు, 2027 అని తేల్చేశాడు. ఎట్లా కట్టావురా ఈ లెక్క అంటే, "పీఎస్2 2000లో, పీఎస్3 2006లో, పీఎస్4 2013లో, పీఎస్5 2020లో వచ్చాయి మామయ్యా. ఆరు, ఏడు, ఏడు. ఇంకో ఏడు కలుపుకో" అన్నాడు.

అమ్మ పక్కనే కూర్చుని పితికిపప్పు కోసం నానబెట్టిన అనపగింజలు పితుకుతోంది. మాది మదనపల్లె వైపు.

"ఎప్పుడొస్తాదిరా అది?"

"ఇంకా కంపెనీవాళ్ళు చెప్పలేదమ్మమ్మా."

"ధరన్నా చెప్పినారా?"

"లేదు."

అమ్మ ఇంకో గింజ పితికి, పప్పు గిన్నెలోకి, తొక్క చాటలోకి వేసి, "ఆలూ లేదు చూలూ లేదు, అల్లుడి పేరు సోమలింగమంట" అంది.

నాకు తెలిసిన సామెతలో సోమలింగం కొడుకు. బడిలో అలాగే చెప్పారు, పత్రికల్లో అలాగే చదివాను. అల్లుడెక్కడి నుంచి వచ్చాడు? మీ ఇళ్ళలో ఏమంటారు? కొత్తవాళ్ళ కోసం: ఆలు అంటే భార్య. ఇల్లాలులో, ఆలుమగలులో ఉన్నది ఆ మాటే. చూలు అంటే గర్భం. ఆలుగడ్డ అనుకున్నవాళ్ళు ఈ గ్రూపులోనే ఉన్నారు, నాకు తెలుసు.

నెల్లూరాయన:
కొడుకే. సందేహం అక్కర్లేదు. వరస చూడండి. పెళ్ళాం, కడుపు, కొడుకు. మెట్టు మీద మెట్టు. అల్లుడిని తెస్తే వరస తప్పుతుంది.

నేను:
వరస తప్పడంలోనే కదండీ వెక్కిరింత ఉన్నది. అల్లుడు రావాలంటే కూతురు పుట్టాలి, పెరగాలి, సంబంధం కుదరాలి. కొడుకు కన్నా అల్లుడు ఇంకా దూరం, కాబట్టి ఎగతాళి ఇంకా ఘాటు. పైగా ఆలు, అల్లుడు అంటుంటే నోటికి కూడా బాగుంది.

నెల్లూరాయన:
నోటికి బాగుంటే చాలదు గురువుగారూ. కొడుక్కి పేరు పెట్టేది తండ్రి. అల్లుడికి వాళ్ళ అమ్మానాన్నలు ఎప్పుడో పెట్టేసుంటారు. మామగారు అల్లుడికి పేరు పెట్టడమేమిటి?

నేను:
దెబ్బ కొట్టారు. జవాబు లేదు. రాత్రికి ఆలోచించుకుంటాను.

కోలారు కుర్రాడు:
మా ఇంట్లో రెండూ వినలేదన్నా. మేం తెలుగే మాట్లాడుకుంటాం గానీ ఇలాంటి చోట కన్నడ సామెత దొర్లుతుంది. "కూసు హుట్టో ముంచె కులావి హొలిసిదరంతె." బిడ్డ పుట్టకముందే టోపీ కుట్టించారట. కులావి అంటే పసిపిల్లలకు పెట్టే టోపీ.

నేను:
మన కుల్లాయే కదా తమ్ముడూ అది. శ్రీనాథుడి పేరున చెప్పుకునే చాటువు 'కుల్లా యుంచితి' అనే మొదలవుతుంది. కన్నడ రాజు దర్శనం కోసం పడిగాపులు కాస్తూ, టోపీ పెట్టుకున్నాను, అంబలి తాగాను, ఇంకా దయ రాలేదా అని కన్నడరాజ్యలక్ష్మికి మొరపెట్టుకునే పద్యం. మారతహళ్ళి పీజీల్లో ఉంటూ పప్పుచారుకు మొహం వాచినవాళ్ళు గోడకు రాసి పెట్టుకోవచ్చు.

పావగడ పిల్ల:
చూలు గురించి ఒక మాట. కన్నడలో మంత్రసానిని సూలగిత్తి అంటారు. మా తాలూకా ఆవిడే సూలగిత్తి నరసమ్మ, పైసా తీసుకోకుండా వేల కాన్పులు చేసింది. 2018లో పద్మశ్రీ ఇచ్చారు. ఆ 'సూలు' మన చూలే. మా నానమ్మ ఆవుల గురించి మాట్లాడేటప్పుడు తొలిసూలు, మలిసూలు అనే అనేది. మనుషులకు మాత్రం 'నీళ్ళోసుకుంది' అనేది.

లోడింగ్ 99:
అందరికీ దండాలు. నేను తెలుగు పండితుణ్ణి కాదు, గేమ్స్ పండితుణ్ణి. కొడుకా అల్లుడా అన్నది మీరు తేల్చుకోండి. అసలీ సామెత దేనికి వర్తిస్తుంది, దేనికి వర్తించదు అన్నది నేను చెప్తా. మావాళ్ళు ఆలస్యమైన ప్రతి గేమ్‌నీ సోమలింగం అనేస్తున్నారు. తప్పు.

జీటీఏ 6 తీసుకోండి. మొదటి ట్రైలర్ 2023 డిసెంబర్‌లో వచ్చింది, చివర్లో 2025 అని వేశారు. తర్వాత 2026 మే 26 అన్నారు. ఆ తర్వాత 2026 నవంబర్ 19 అన్నారు. కడుపు మండుతుంది, ఒప్పుకుంటా. కానీ రెండు ట్రైలర్లు చూశాం, ఊరు చూశాం, మనుషుల్ని చూశాం. ఆలు ఉంది, చూలు ఉంది. కాన్పే వాయిదా పడుతోంది. దాన్ని సోమలింగం అనకూడదు.

నిజమైన సోమలింగం ఎల్డర్ స్క్రోల్స్ 6. 2018 జూన్‌లో అర నిమిషం వీడియో వదిలారు. నాలుగు కొండలు, మబ్బులు, పేరు. అంతే! అంతకుముందుది స్కైరిమ్, 2011 నవంబర్ 11న వచ్చింది. అప్పుడు నేను ఏడో తరగతి. 2018లో పేరు పెట్టిన కంపెనీ ముందు వేరే గేమ్ పూర్తి చేసుకుంది, స్టార్‌ఫీల్డ్, అది 2023లో వచ్చింది. అంటే పేరు పెట్టేనాటికి ఆ ఇంట్లో కడుపుతో ఉన్నది వేరే బిడ్డ!

పుట్టిన సోమలింగం కూడా ఉన్నాడు. మెట్రాయిడ్ ప్రైమ్ 4కి 2017లో లోగో ఒక్కటే చూపించారు. 2019 జనవరిలో, చేసింది బాగా రాలేదు, మళ్ళీ మొదటి నుంచి చేస్తున్నామని వాళ్ళే చెప్పారు. 2025 డిసెంబర్‌లో వచ్చింది. ఎనిమిదేళ్ళు. సైబర్‌పంక్ 2077 కథ మళ్ళీ వేరు. తేదీ మీద తేదీ మార్చి, చివరికి 2020 డిసెంబర్ 10న నెలలు నిండకుండానే దించారు. పాత కన్సోళ్ళ మీద ఆడలేకపోయాం. వారం తిరిగేసరికి ప్లేస్టేషన్ చేసే సోనీ తన స్టోర్ నుంచే తీసేసి, కొన్నవాళ్ళకు డబ్బులు వెనక్కి ఇచ్చింది. మళ్ళీ స్టోర్‌లోకి వచ్చింది 2021 జూన్‌లో.

హోసూరు అక్క:
తమ్ముళ్ళూ, చర్చ బాగుంది గానీ ఒక మాట. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డలు ఉన్న ఇళ్ళు ఉన్నాయి, మా ఇల్లూ అందులో ఒకటి. పరాచికాలకు వేరే మాట వాడుకోండి. ఉడక్కముందే దించారనండి, సరిపోతుంది.

లోడింగ్ 99:
సారీ అక్కా, ఆలోచించకుండా రాసేశా. పలుకు మీద దించారు. గంజి కూడా వార్చలేదు.

హోసూరు అక్క:
పర్లేదులే నాన్నా. ఇంకొకటి చెప్తా. అసలు మన ఇళ్ళలో పుట్టకముందు పేరు పెట్టం. మా వైపు బారసాల ఇరవై ఒకటో రోజున, అప్పటిదాకా పాపాయి, బుజ్జిగాడు. పేరు అనుకున్నా బయటికి చెప్పరు, దిష్టి. అందుకే ఈ సామెతలో పేరు పెట్టడం అంత తప్పుగా కనిపిస్తుంది. తొందరపాటు ఒక్కటే కాదు, కూడని పని కూడా.

నేను:
అక్కా, రాత్రంతా ఆలోచించినా దొరకనిది మీ మాటతో దొరికింది.

సోనీవాళ్ళ సంగతి చూడండి. 2025 అక్టోబర్‌లో వాళ్ళ కన్సోళ్ళకు రూపకల్పన చేసే మార్క్ సెర్నీ, చిప్పులు చేసే ఏఎమ్‌డీ కంపెనీ ఆయనతో కలిసి ఒక వీడియోలో కనిపించాడు. గ్రాఫిక్స్ కోసం ఇద్దరం కలిసి ఫలానా ఫలానావి తయారు చేస్తున్నాం, ఇంకొన్నేళ్ళలో వచ్చే కన్సోల్‌లో పెట్టాలని ఉంది అన్నాడు. 'వచ్చే కన్సోల్' అన్నాడంతే. పేరు లేదు, తేదీ లేదు, ధర లేదు. అంటే అక్కడ చూలు ఉంది, పేరే లేదు. మన పెద్దవాళ్ళు చెప్పినట్టే నడుచుకుంటున్నారు!

మరి పీఎస్6 అని పేరు పెట్టిందెవరు? మనం. 2027 అన్నదెవరు? మా మేనల్లుడు. ఎనభై వేలని ధర కట్టిందీ వాడే. వాళ్ళ ఇంట్లో పుట్టబోయే బిడ్డకు మన ఇంట్లో కూర్చుని నామకరణం చేస్తున్నాం. నెల్లూరాయన గారూ, మామగారు అల్లుడికి పేరు పెట్టడమేమిటని అడిగారే, సరిగ్గా ఇదే. ఎల్డర్ స్క్రోల్స్‌కి కొడుకు పాఠం, కన్నవాళ్ళే తొందరపడ్డారు కాబట్టి. పీఎస్6కి అల్లుడి పాఠం, పరాయి బిడ్డ మీద మన పెత్తనం కాబట్టి. రెండూ ఉంచుకుందాం.

నెల్లూరాయన:
వాదన బాగుంది. పాఠం మాత్రం కొడుకే.

కోలారు కుర్రాడు:
అన్నా, ఎనభై వేలన్నది నిజంగా అంత ఎక్కువా? ఆగితే తగ్గదా?

నేను:
ఆ నమ్మకమే పోయింది తమ్ముడూ. ఇదివరకు కన్సోల్ పాతబడేకొద్దీ చవకయ్యేది. పీఎస్3 అమెరికాలో 2006లో 599 డాలర్లు (చిన్నది 499), 2009లో సన్న మోడల్ వచ్చేసరికి 299. ఇప్పుడు తిరగబడింది. పీఎస్5కి అక్కడ 2025 ఆగస్టులో, అంటే దాదాపు ఐదేళ్ళ వయసులో, ఇంకో 50 డాలర్లు పెంచారు. మన దగ్గర డిస్కు మోడల్ 2021లో 49,990కి మొదలై తర్వాత 54,990 అయింది. వాడు వేసిన ప్రశ్నార్థకం ఉత్తినే వేసింది కాదు.

పావగడ పిల్ల:
కొత్త పెట్టె వచ్చినా ఆడేది పాత చింతకాయ పచ్చడే కదా. జీటీఏ 5 మూడు తరాల కన్సోళ్ళ మీద అమ్మారు. 2013లో ఒకసారి, 2014లో ఒకసారి, 2022లో ఒకసారి. మా తమ్ముడు మూడుసార్లూ కొన్నాడు.

హోసూరు అక్క:
పాత చింతకాయ పచ్చడిని తిట్టుగా వాడతారేంటమ్మా అందరూ? బాలింతకు పథ్యం అదే, జ్వరం తగ్గినవాళ్ళకు మొదటి ముద్దా అదే. కొత్తది పెడతారా ఎవరైనా? మీ తమ్ముడు మూడుసార్లు కొన్నాడంటే నోటికి రుచించే కొనుంటాడు.

లోడింగ్ 99:
పోస్టు పెట్టిన గురువుగారూ, మీకు సొంత అనుభవం లేదా? ఊరికే సామెతలేనా?

నేను:
ఉంది, చెప్పుకోవాలంటే సిగ్గు. పైన నువ్వు చెప్పిన సైబర్‌పంక్ కోసమే 2019లో ఇక్కడే ఒక షాపులో వెయ్యి రూపాయలు అడ్వాన్సు కట్టాను. అప్పుడు తేదీ 2020 ఏప్రిల్ 16. తర్వాత సెప్టెంబర్ అన్నారు, మధ్యలో లాక్‌డౌన్, తర్వాత నవంబర్, చివరికి డిసెంబర్. షాపాయనకు ఫోన్ చేసినప్పుడల్లా "నాళె బన్ని సార్" అనేవాడు. రేపు రండి. మన ఊళ్ళలో తలుపుల మీద 'ఓ స్త్రీ రేపు రా' అని రాసేవాళ్ళు కదా, ఈ ఊళ్ళో 'నాళె బా' అని రాసేవాళ్ళు. నన్ను దయ్యం లెక్కన జమకట్టాడు. తీరా గేమ్ వచ్చాక రసీదు తీసి చూస్తే పర్సులో తెల్లకాగితం. ఆ మెషీన్ కాగితం మీద అచ్చు ఏడాదిలో ఎగిరిపోయింది. వెలుతురుకు ఎత్తిపట్టి చూస్తే 'అడ్' అనే రెండక్షరాలు లీలగా కనిపించాయి. మిగతాది నా నుదుటి రాతే అనుకున్నా.

కోలారు కుర్రాడు:
ఏరు కనబడకముందే చెప్పులు విడిచారన్నమాట.

నేను:
చెప్పులు విడవడమే కాదు తమ్ముడూ, గట్టున ఎవరికో అప్పజెప్పి వచ్చాను.

నేను (మర్నాడు):
చివరి సంగతి. ఈ చర్చంతా అమ్మకు చదివి వినిపించాను. కొడుకు పాఠం, అల్లుడి పాఠం, నెల్లూరాయన వాదన, నా సిద్ధాంతం, అన్నీ. ఓపిగ్గా విని, "సామెతలో కొడుకేరా. వాడు నీ అల్లుడు కదా, అందుకని అల్లుడన్నా" అంది.

వాడు వెళ్తూ వెళ్తూ షీటు మళ్ళీ తెరిచాడు. ఫైలు పేరు 'సోమలింగం' అని మార్చాడు. 2027 పక్కన ప్రశ్నార్థకం పెట్టాడు. నెలకు రెండు వేలు మాత్రం అలాగే ఉంచాడు.

నెల్లూరాయన:
అమ్మగారికి నా నమస్కారాలు చెప్పండి.