కత్సురా విహార భవనం: మోకాళ్ళ నొప్పి ఉన్నవారు తోట చుట్టి రాగలరా?

ప్రశ్న:
నేను ఒసాకాలో ఉద్యోగం చేస్తున్నాను. కార్తిక మాసంలో మా అమ్మ రాజమహేంద్రవరం నుంచి వస్తున్నది. క్యోటోలోని కత్సురా విహార భవనాన్ని, దాని తోటను ఆమెకు చూపించాలని నా కోరిక. అయితే ఆమెకు అరవై ఎనిమిదేళ్ళు. సమతలం మీద బాగానే నడుస్తుంది గాని, ఎగుడుదిగుడు నేల మీద మోకాళ్ళు సహకరించవు. భవనాల లోపలికి రానివ్వరనీ, మార్గదర్శి వెంట సుమారు గంటసేపు నడవవలసిందేననీ విన్నాను. వెలుపలి నుంచి మాత్రమే చూడగలిగే భవనం కోసం ఆమెకు అంత శ్రమ కలిగించవచ్చునా?

సమాధానం 1:
మీరు విన్నది నిజమే. కాని 17వ శతాబ్దంలో తొషిహితో రాకుమారుడు మొదలుపెట్టగా ఆయన కుమారుడు తొషితాద విస్తరించిన ఈ తోటలోని అసలు అందమంతా చెరువు చుట్టూ నడకలోనే ఉన్నది. మొదట్లోనే ఒక చిన్న పైన్ చెట్టు దారి చివర అడ్డుగా నిలిచి చెరువును కనబడనివ్వదు. పరిచిన రాళ్ళు చిన్నవిగా ఉన్నంతసేపు మన చూపు పాదాల మీదనే ఉంటుంది. పెద్ద రాయి వచ్చినచోట నిలబడి తల ఎత్తితే, అంతవరకు దాగిన దృశ్యం ఎదుట ఉంటుంది. షోకిన్‌తెయ్ అనే తేనీటి గృహంలో నీలం, తెలుపు గళ్ళ కాగితం అతికించిన తలుపులు వెలుపలి నుంచే స్పష్టంగా కనిపిస్తాయి. పాత భవనం ముందు, చెరువు వైపు చొచ్చుకొని వచ్చిన వెదురు వేదిక చంద్రోదయాన్ని చూడటానికి కట్టినది. నాకు అక్కడ లోపలికి వెళ్ళలేదన్న లోటు తోచలేదు.

సమాధానం 2:
పై మిత్రుల మాటతో నేను ఏకీభవిస్తాను. అయినా మీ అమ్మగారి విషయంలో ఒక హెచ్చరిక చేయక తప్పదు. బృందమంతా కలిసి కదలాలి, వెనుక ఒక ఉద్యోగి వస్తూనే ఉంటారు, కాబట్టి అలసినప్పుడు తీరికగా ఆగిపోవడానికి వీలుండదు. వాన పడితే ఆ రాళ్ళు జారుతాయి. అందుచేత ముందుగా నాన్‌జెన్‌జి ఆలయం దగ్గరి మురిన్-అన్‌కు తీసుకువెళ్ళండి. ఆనాటి జపాన్ రాజకీయ నాయకుడు యమగాతా అరితోమో 1890లలో కట్టించుకున్న ఈ విహార గృహంలో చాప మీద కూర్చుని, ఒగావా జిహెయ్ కూర్చిన తోటను ఎంతసేపైనా చూడవచ్చు. బివా సరస్సు కాలువ నుంచి తెచ్చిన నీరు పచ్చిక మధ్య వాగులా పారుతుంటుంది. గోదావరి ఒడ్డున పెరిగిన మనిషికి ఆ నీటి చప్పుడు నచ్చుతుందని నా నమ్మకం. అక్కడ ఆమె నడక ఎలా ఉన్నదో గమనించి, కత్సురా సంగతి నిర్ణయించుకోండి. క్యోటోలోనే ఉన్న మరో రాచ విహార భవనం షుగకుయిన్ మాత్రం వద్దు. అందులో ఎత్తు ఎక్కవలసి ఉంటుంది, నడక కూడా చాలా ఎక్కువ.

ప్రశ్నించినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. మొదట మురిన్-అన్‌కే వెళ్తాము. కత్సురాకు ముందుగా అనుమతి తీసుకోకుండా, ఆ రోజు వాతావరణాన్ని బట్టి వెళ్ళే వీలున్నదా?

సమాధానం 1:
ఉన్నది. ముందస్తు అనుమతులు కాక, అదే రోజు ప్రవేశానికి కొన్ని చీటీలను అక్కడే ఇస్తారు. అవి త్వరగా అయిపోతాయి గనుక ఉదయమే చేరుకోండి. పాస్‌పోర్టు తప్పక వెంట ఉంచుకోండి. సోమవారం సెలవు. చీటీ దొరకకపోయినా, నది వైపున బతికి ఉన్న వెదురును వంచి అల్లిన కంచెను అమ్మగారికి చూపించండి. అది రోడ్డు మీది నుంచే కనిపిస్తుంది.