అబార్షన్‌కు తెలుగులో ఏ మాట వాడితే ఇరుపక్షాలూ చదువుతాయి?

ప్రశ్న: అబార్షన్‌ను సమర్థించేవారి వాదననూ, వ్యతిరేకించేవారి వాదననూ పక్కపక్కన పెడుతూ ఒక వ్యాసం రాస్తున్నాను. గర్భస్రావం, గర్భవిచ్ఛిత్తి, భ్రూణహత్య అన్న మూడింటిలో ఏది వాడితే ఏ పక్షంవారూ మొదటి పేరాలోనే చదవడం మానేయరో పెద్దలు చెప్పగలరు.

జవాబు: స్రావమంటే కారిపోవడం కాబట్టి, తనంత తానుగా గర్భం పోయిన సందర్భానికే గర్భస్రావం అన్నది సరిగ్గా అతుకుతుంది. పత్రికలు రెండు సందర్భాలకూ అదే వాడుతుండటంతో, బిడ్డ కోసం ఎదురుచూస్తూ గర్భం పోగొట్టుకున్న స్త్రీనీ, వద్దని నిర్ణయించుకున్న స్త్రీనీ ఒకే గాటన కట్టినట్టవుతోంది. భ్రూణహత్య ధర్మశాస్త్రాలు ఘోరపాపంగా చెప్పిన మాట. (వేదవేదాంగాలు చదివిన బ్రాహ్మణుణ్ణి కూడా భ్రూణుడనేవారు కనుక, పాత వాక్యాల్లో అది కనబడిన ప్రతిచోటా గర్భమే ఉద్దేశమని అనుకోనక్కరలేదు.) వ్యతిరేకించేవారు తమ వాదన చివర ఆ మాటకు చేరుకోవడం వారి హక్కే గానీ, శీర్షికలోనే హత్య అని రాస్తే విచారణకు ముందే తీర్పు చదివినట్టు ఉంటుంది. అవతలివారు ‘ఉత్త కణాల ముద్ద’ అనడమూ అలాంటి తొందరపాటే. మీ వ్యాసానికి గర్భవిచ్ఛిత్తి నయం; కాస్త బిరుసుగా వినిపించినా ఎవరినీ దోషిగా నిలబెట్టదు.

ఈ చిక్కు ఇతర భాషల్లోనూ ఉంది. 1994 డిసెంబరు 30న అమెరికాలో బోస్టన్ పక్కనున్న బ్రూక్‌లైన్‌లో ఒక వ్యక్తి అబార్షన్లు చేసే రెండు క్లినిక్‌లలో కాల్పులు జరిపి ఇద్దరు ఉద్యోగినులను చంపాడు. ఆ తరువాత రెండు పక్షాల నుంచి ముగ్గురేసి నాయకురాళ్లు, మొత్తం ఆరుగురు, 1995 నుంచి ఐదేళ్లకు పైగా రహస్యంగా కూర్చుని మాట్లాడుకున్నారు. గర్భంలో ఉన్నదాన్ని ఏమని పిలవాలన్నదే వారికి పెద్ద చిక్కయింది: ‘పుట్టని బిడ్డ’ అన్నది ఒక పక్షానికి మింగుడుపడలేదు, ‘పిండం’ అన్నది మరో పక్షానికి మింగుడుపడలేదు, చివరికి, కొందరు అయిష్టంగానే, ‘మానవ పిండం’ అన్నదానికి ఒప్పుకున్నారు. 2001 జనవరిలో కలిసి రాసిన వ్యాసంలో తమ అభిప్రాయాలు మారలేదని, పైగా మరింత గట్టిపడ్డాయని, అయినా ఒకరిపట్ల ఒకరికి గౌరవం పెరిగిందని చెప్పుకున్నారు.

మరొక సభ్యురాలు: మాట కుదిరింది, బాగానే ఉందండీ. అభిప్రాయాలు ఎక్కడివక్కడే ఉన్నప్పుడు ఇద్దరూ ఒప్పుకునే చోటు ఏదైనా ఉందంటారా?

జవాబు: ఉందమ్మా, దాన్ని మన వాడుక క్రియలే చూపిస్తున్నాయి. కడుపు పోయింది, కడుపు తీయించుకుంది, కడుపు తీయించారు అని మనం మూడు రకాలుగా అంటాం. మొదటిదానిలో కర్త ఎవరూ లేరు. ఆ స్త్రీని నిందించడం తగదని ఇరుపక్షాలలోనూ చాలామంది ఒప్పుకుంటారు. మూడోదానిలో నిర్ణయం వేరొకరిది, ఒళ్లు ఆమెది; ఆ బలవంతాన్ని స్వేచ్ఛ కోరేవారూ సమర్థించరు, ప్రాణం కాపాడాలనేవారూ సమర్థించరు. వాదమంతా రెండోదాని మీదే. అక్కడ నిజమైన విభేదం ఉంది, దాన్ని మాటలతో కప్పిపెట్టకూడదు. ప్రాణానికి రక్షణ ఏ దశ నుంచి మొదలవ్వాలి, తన శరీరం మీద ఆమె అధికారం ఎంతవరకు అన్న ప్రశ్నలకు ఏ నిఘంటువూ సమాధానం చెప్పదు.

అయితే ఆ రెండో రూపాన్ని కూడా పూర్తిగా నమ్మడానికి లేదు. డబ్బు లేక, తోడు లేక, ఇంట్లోవారి పోరు పడలేక ఒప్పుకున్న స్త్రీ కూడా ‘తీయించుకున్నాను’ అనే చెబుతుంది. ఆ ‘కొను’లో ఎంత ఇష్టముందో, ఎంత గత్యంతరం లేనితనముందో వ్యాకరణం చెప్పలేదు. అందుచేత, మీ వ్యాసంలో ఉదాహరణలు ఇచ్చేటప్పుడు గర్భవిచ్ఛిత్తి జరిగిందని రాసి వదిలేయకుండా, నిర్ణయించింది ఎవరో, ఏ పరిస్థితిలోనో తెలిసినంతమేరకు అదే వాక్యంలో రాయండి.