అమ్మకి ఫాస్ఫరస్ 1.3, దెబ్బ తగలకుండానే తొడ ఎముక పగిలింది, ఎవరికైనా ఇలా అయిందా?

నల్గొండ అమ్మాయి:
అందరికీ నమస్తే. మా అమ్మకి 52 ఏళ్లు. రెండు మూడేళ్ల నుంచి తుంటి, పక్కటెముకలు, పాదాలు ఒకటే నొప్పులు, కింద కూర్చుంటే లేవలేదు, నడిస్తే అటూ ఇటూ ఊగిపోతుంది. మా వైపు ఎవరికి ఒళ్లు నొప్పులన్నా ఫ్లోరైడ్ నీళ్లే అంటారు కదా, మేమూ అదే అనుకున్నాం, తర్వాత ఒకరు కీళ్లవాతం అన్నారు, ఇంకొకరు డిస్క్ అన్నారు. ఇప్పుడు తొడ ఎముకలో పగులు. ఫాస్ఫరస్ 1.3, బాగా తక్కువట, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ 400 పైన, అది ఎక్కువట, కాల్షియం, విటమిన్ డి నార్మల్. ఎముకలకి ఏడాదికోసారి ఇచ్చే జొలెడ్రోనిక్ ఇంజెక్షన్ చేయిద్దామంటున్నారు. ఒక డాక్టర్ మాత్రం ఒంట్లో ఎక్కడో ట్యూమర్ ఉండొచ్చు అన్నారు, అది విన్నప్పట్నుంచి ఇంట్లో ఎవరికీ ముద్ద దిగట్లేదు. క్యాన్సరా ఇది?

విజయవాడ అక్క:
భయపడకమ్మా. మా వారికి అచ్చం ఇదే, ట్యూమర్ ఇండ్యూస్డ్ ఆస్టియోమలేషియా అన్నారు, అంటే ఒంట్లో ఎక్కడో ఉన్న గడ్డ వల్ల ఎముకలు మెత్తబడటం. అరికాల్లో శనగగింజంత గడ్డ, చెప్పు ఒరుసుకుని వచ్చిన కాయ అనుకుని ఎవరం పట్టించుకోలేదు. ఇలాంటి గడ్డల్ని వెతికే డోటాటేట్ పెట్ స్కాన్‌లో దొరికింది. స్కాన్ తల నుంచి కాలివేళ్ల దాకా చేయమని గట్టిగా అడుగు, మామూలుగా తొడల దగ్గర ఆపేస్తారు. గడ్డ తీసిన వారంలోపే ఫాస్ఫరస్ నార్మల్‌కి వచ్చింది, ఎముకల నొప్పులు పూర్తిగా పోడానికి మాత్రం ఏడాది దాకా పట్టింది. అంతకుముందు ఫాస్ఫేట్ ద్రావణం రోజుకి నాలుగైదు సార్లు తాగాలి, విరేచనాలయ్యేవి పాపం. కాల్షియం మాత్ర, పాలు దాంతో కలిపి ఇవ్వొద్దు, ఫాస్ఫేట్ ఒంటికి పట్టదు.

ఎండోక్రైన్ పీజీ:
ఈ గడ్డలు చాలావరకు క్యాన్సర్ కావండి. ఎఫ్‌జీఎఫ్ 23 అనే హార్మోన్ ఎక్కువగా వదుల్తాయి, దాంతో కిడ్నీలు ఫాస్ఫేట్‌ని మూత్రంలో పారేస్తాయి, ఎముక గట్టిపడటానికి సరుకే ఉండదు. ఫ్లోరోసిస్‌లో అయితే ఎక్స్‌రేలో ఎముకలు సాధారణంగా చిక్కగా, తెల్లగా కనిపిస్తాయి. కారణం తేలేదాకా ఆ ఇంజెక్షన్ ఆపమని మీ డాక్టర్‌ని అడగండి, ఈ స్థితిలో ఇస్తే కాల్షియం, ఫాస్ఫరస్ ఇంకా పడిపోవచ్చు. పరగడుపున రక్తం, మూత్రం ఒకేసారి ఇచ్చి ఫాస్ఫేట్ ఎంత పోతోందో చూపించండి. ఇంకోటి, కొన్ని మందుల వల్ల కూడా ఫాస్ఫరస్ పడిపోతుంది, అమ్మగారు వేరే మందులేమైనా వాడుతున్నారా? నరానికి ఐరన్ ఎక్కించారా?

నల్గొండ అమ్మాయి:
ఐరన్ ఎక్కించలేదు సార్. హెపటైటిస్ బి కి రోజూ ఒక మాత్ర వేసుకుంటుంది, ఎప్పట్నుంచో. డబ్బా మీద టెనోఫోవిర్ డైసోప్రాక్సిల్ 300 అని ఉంది. అది లివర్‌కి కదా అని ఎముకల డాక్టర్ల దగ్గర ఎప్పుడూ చెప్పలేదు.

ఎండోక్రైన్ పీజీ:
అయితే స్కాన్ కంటే ముందు ఇది తేల్చాలండి. ఆ మందు కొంతమందిలో కిడ్నీ గొట్టాల్ని దెబ్బతీసి, ఫాస్ఫేట్ ఇలాగే మూత్రంలో పోయేలా చేసి ఎముకల్ని మెత్తబరుస్తుంది, ఆ కిడ్నీ సమస్యని ఫ్యాంకోనీ సిండ్రోమ్ అంటారు. రక్తంలో షుగర్ నార్మల్‌గా ఉండి మూత్రంలో షుగర్ పోతుంటే అనుమానం బలపడుతుంది, బైకార్బొనేట్, యూరిక్ యాసిడ్, క్రియాటినిన్ కూడా చేయించండి. మాత్ర మీకు మీరే ఆపొద్దు, హెపటైటిస్ ఒక్కసారిగా తిరగబెట్టొచ్చు. డబ్బా పట్టుకుని లివర్ డాక్టర్ దగ్గరికి రేపే వెళ్లండి, ఎంటెకావిర్ లాంటిదానికి మార్చొచ్చేమో ఆయన చూస్తారు. మందు మారిస్తే చాలామందికి ఫాస్ఫరస్ మెల్లగా పెరుగుతుంది. పెరగకపోతే అప్పుడు డోటాటేట్ స్కాన్. ఈలోపు ఆ కాలు మీద బరువు వేయనివ్వకండి, పగిలిన ఎముక కాస్తా పూర్తిగా విరిగిపోవచ్చు.