డ్రాగన్ ఏజ్ 2ని ఇంకా తిట్టాలా?

కిర్క్‌వాల్ కుర్రోడు:
డ్రాగన్ ఏజ్ ఆటల్లో నాలుగోదైన వీల్‌గార్డ్ అయ్యాక సిరీస్ మొత్తం మళ్ళీ మొదటి నుంచి ఆడుతున్నాను. రెండోది నిన్న రాత్రి పూర్తయింది. 2011 మార్చిలో ఇది వచ్చినప్పుడు జనం ఎలా ఉతికి ఆరేశారో ఇక్కడ చాలామందికి గుర్తుండే ఉంటుంది. నా మాట సూటిగా చెప్పేస్తున్నా: కథ విషయంలో ఈ సిరీస్‌లో దీన్ని మించింది లేదు. ఇందులో లోకాన్ని కాపాడే గొడవ లేదు. ఫెరెల్డెన్ నుంచి ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని వచ్చిన ఒక కుటుంబం, కిర్క్‌వాల్ అనే ఒకే ఒక్క నగరం, ఏడేళ్ళ కాలం. మనం ఆడే హీరో హాక్ ఎంత మొత్తుకున్నా ఆ నగరం అంటుకోక మానదు. కాదనేవాళ్ళు రండి. స్పాయిలర్లు బోలెడుంటాయి, ఆడనివాళ్ళు ఇక్కడే ఆగిపోండి.

ఆరిజిన్స్ అభిమాని:
వచ్చాను. కథ సంగతి తర్వాత, ముందు ఆ గుహ సంగతి తేల్చండి. తీరంలో దొంగల స్థావరం అదే, కొండ కింద సాలీళ్ళ గూడూ అదే. అవే మెట్లు, అదే మలుపు. ఒక్కో క్వెస్ట్‌కి ఒక్కో దారికి అడ్డంగా రాతిపలక పెట్టి, ఇది వేరే గుహ అనుకోమన్నారు. మూలనున్న మ్యాప్‌లో మాత్రం ఆ మూసేసిన గదులన్నీ కనిపిస్తూనే ఉంటాయి! దాచే ఓపిక కూడా లేదన్నమాట. ఊళ్ళో పద్యనాటకం ఆడేవాళ్ళు ఉన్న ఒక్క ఉద్యానవనం తెరనే అడవికీ, అంతఃపురానికీ, యుద్ధభూమికీ దించినట్టుంది.

యుద్ధాల సంగతికొస్తే, సిరీస్‌లో మొదటిదైన ఆరిజిన్స్ పీసీలో కెమెరాని పైకి లాగి, ఆట ఆపి, నలుగురికీ నాలుగు పనులు చెప్పేవాళ్ళం. ఇందులో కెమెరా అంత పైకి పోదు. పోయినా ఏం లాభం? మంత్రాలు వేసే మేజ్‌ని జాగ్రత్తగా వెనక నిలబెడితే, రెండో విడత శత్రువులు మేడల మీంచి సరిగ్గా వాడి పక్కనే దూకుతారు. ఇక ప్లాన్ వేసేదేముంది?

పాచ్‌నోట్స్:
తిట్టేముందు క్యాలెండర్ కూడా చూడాలి కదా అన్నా. ఆరిజిన్స్‌ని 2004లో ప్రకటించారు, 2009 నవంబరులో విడుదల చేశారు. దాని తర్వాత 16 నెలలకే రెండోది షాపుల్లో ఉంది. అంత పెద్ద ఆర్‌పీజీకి (పాత్రలో ఒదిగి ఆడే ఆటకి) అది గడువే కాదు. దీన్ని తయారుచేసిన బయోవేర్‌కి ఒక్క గుహే ఉండటానికి కారణం చేతకానితనం కాదు, టైం లేకపోవడం. 2011లోనే లెగసీ, మార్క్ ఆఫ్ ది అసాసిన్ అని రెండు అదనపు కథలు వచ్చాయి. ఆ తర్వాత ఎగ్జాల్టెడ్ మార్చ్ అని ఒక పెద్ద ఎక్స్‌పాన్షన్ అనుకున్నారు, అదీ రద్దయింది.

ఆరిజిన్స్ అభిమాని:
వాళ్ళకి టైం లేకపోతే నేనేం చెయ్యను? నా దగ్గర మాత్రం పూర్తి ధరే తీసుకున్నారు.

లోటౌన్ లక్ష్మి:
అభిమాని గారూ, తెర ఒకటే, ఒప్పుకుంటున్నాం. కానీ తెర చిరిగినా పద్యం బాగుంటే జనం వన్స్ మోర్ అనే అంటారు.

మూడో అంకంలో మన జట్టులోని మేజ్ ఆండర్స్ ఏం చేస్తాడో గుర్తు తెచ్చుకోండి. తన ఒంట్లో చేరిన జస్టిస్ అనే ఆత్మని విడదీసుకోవడానికి మందు కావాలంటాడు. సేలా పెట్రే, డ్రేక్‌స్టోన్ తెచ్చిపెట్టమంటాడు. మనం మురుగు కాలవల్లో దిగి మరీ ఏరుకొస్తాం. తర్వాత, మతపెద్ద గ్రాండ్ క్లెరిక్ ఎల్థీనాని కాసేపు మాటల్లో పెట్టు, నాకు చాంట్రీలో (వాళ్ళ గుడిలో) చిన్న పనుంది అంటాడు. ఏం పనని అడిగితే చెప్పడు. స్నేహితుడు కదా అని సరేనంటాం. చివరికి ఆ చాంట్రీయే ఎర్రటి వెలుగులో పేలిపోతుంది, లోపల ఎల్థీనా ఉండగానే. ఆ బాంబుకి సరుకు మోసింది మనమే! అయ్యాక వాడు ఒక పెట్టె మీద మనకి వీపు పెట్టి కూర్చుంటాడు, చంపుతావో ఉంచుతావో నీ ఇష్టం అన్నట్టు. నేను చాలాసేపు ఏ బటనూ నొక్కలేకపోయాను. ఆరిజిన్స్‌లో చివరి శత్రువైన డ్రాగన్, ఆర్చ్‌డీమన్‌ని చంపేముందు నాకు ఇంత టెన్షన్ లేదు. దానికి కోరలున్నాయి, కాబట్టి చంపాం. అంతే.

ఆరిజిన్స్ అభిమాని:
ఆండర్స్ సీన్ బాగుంది, కాదనను. ఆ వెంటనే ఏమైంది? మేజ్‌లకీ, వాళ్ళని కాపలా కాసే టెంప్లర్ సైనికులకీ యుద్ధం మొదలైంది, నేను మేజ్‌ల పక్షం నిలబడ్డాను. వాళ్ళ పెద్ద ఒర్సినో నా పక్కనే ఉన్నాడు, పోరాటం మేమే గెలుస్తున్నాం. ఉన్నట్టుండి ఇక లాభం లేదని రక్తమాయ చేసి, శవాలన్నీ కూడదీసుకుని రాక్షసుడైపోయాడు. వాణ్ణి చంపాలి, తర్వాత టెంప్లర్ల నాయకురాలు మెరెడిత్‌నీ చంపాలి. టెంప్లర్ల పక్షం వెళ్ళినా ఆ ఇద్దర్నే చంపాలి. ఎటుపోయినా అదే గమ్యమైతే నన్ను అడగడం దేనికి? పైగా ఏడేళ్ళు గడిచాయంటారు, సంతలో ఒక్క అంగడి కూడా మారదు.

కిర్క్‌వాల్ కుర్రోడు:
ఒర్సినో విషయంలో నేనూ మీ పక్కే. ఆ మలుపుకి తలా తోకా లేదు, బాస్ ఫైట్ ఒకటి కావాలి కాబట్టి పెట్టినట్టుంది. కానీ ఎంపికల లెక్క మీరు తప్పు చోట చూస్తున్నారు. ఇందులో మన ఎంపిక నగరాన్ని మార్చదు, ఇంటిని మారుస్తుంది. మొదటి అంకం చివర నిధి కోసం డీప్ రోడ్స్ అనే భూగర్భ దారులకి మేజ్ అయిన చెల్లిని తీసుకెళ్ళాలా వద్దా అన్నది చూడండి. వెంట తీసుకెళ్తే అక్కడి రాక్షసుల విషం సోకి చచ్చిపోతుంది. ఆండర్స్ కూడా వెంట ఉంటే బతుకుతుంది, కానీ ఆ రాక్షసులతో పోరాడే గ్రే వార్డెన్ల దళంలో చేరి మనకి దూరమవుతుంది. ఇంట్లోనే వదిలేస్తే, మనం డబ్బుతో తిరిగొచ్చేసరికి టెంప్లర్లు గుమ్మంలో ఉంటారు, మేజ్‌లని బంధించి ఉంచే సర్కిల్‌కి పట్టుకుపోతారు. ఏది చేసినా తల్లి ముందు తలెత్తుకోలేం. రెండో అంకంలో ఆ తల్లికే తెల్ల లిల్లీ పూలు వస్తాయి... అది నేను రాయను, తెలిసినవాళ్ళకి తెలుసు. అక్కడ కాపాడే దారి ఒక్కటీ పెట్టలేదు. పెట్టకపోవడమే మంచిదైంది.

రాత్రి గేమర్:
ఇంత ఏడుపు మధ్యలో మన జట్టులోని నగర రక్షకురాలు అవెలీన్ ప్రేమకథని ఎవరూ తలవరే! కత్తిపట్టి ఎవడినైనా నరికే మనిషి, తన కింద పనిచేసే కాపలాదారు డానిక్‌కి ఇష్టమని చెప్పలేక బంతిపూలు చెక్కిన రాగి బిళ్ళ పంపిస్తుంది. నేనైతే కుర్చీలోంచి పడి నవ్వాను.

ఇంకో మాట. ఆరిజిన్స్‌ని నెత్తిన పెట్టుకునేవాళ్ళకి ఒకటే ప్రశ్న. అందులో మేజ్ టవర్‌లోని ఫేడ్ అనే కలల లోకం భాగం ఎంతమంది మళ్ళీ ఇష్టపడి ఆడారు? దాన్ని దాటించడానికే జనం ప్రత్యేకంగా మోడ్ (ఆటకి అభిమానులే చేసే మార్పు) చేసుకున్నారు.

సేవ్‌ఫైల్:
గుహకి నా దగ్గర సమాధానం ఉంది. ఈ కథంతా విచారణ చేసే కసాండ్రాకి హాక్ స్నేహితుడు వారిక్ చెబుతున్నది. మొదట్లోనే హాక్‌ని అతిగా బలవంతుణ్ణి చేసి చెబితే ఆమె నమ్మదు, మళ్ళీ సరిగ్గా చెప్పమంటుంది. అన్న బార్ట్రాండ్ ఇంట్లోకి వారిక్ ఒక్కడే చొరబడి అందర్నీ కాల్చిపారేసిన సీనూ కోతే. అలాంటివాడు గుహల్ని వర్ణించడానికి బద్ధకించి ఒకటే చెప్పి ఉంటాడు.

ఆరిజిన్స్ అభిమాని:
ఇదెక్కడి వాదన బాబూ! ఇలా అయితే ఏ ఆటలో బగ్ వచ్చినా కథ చెప్పేవాడి మీదికి తోసెయ్యొచ్చు.

పాచ్‌నోట్స్:
ఒక్క అంకె చెప్పి వెళ్తాను. సమీక్షల మార్కుల సగటు చూపే మెటాక్రిటిక్‌లో ఆరిజిన్స్ పీసీకి 91, దీనికి 82. సమీక్షకులకి కూడా తేడా తెలిసింది. కానీ 2014లో మూడోది ఇంక్విజిషన్ వచ్చి అవార్డులు కొట్టేసిందంటే, అందులో మేజ్-టెంప్లర్ యుద్ధం, కసాండ్రా, వారిక్, ఎర్ర లిరియం అనే మాయ ఖనిజం, చివరికి విలన్ కొరిఫియస్ కూడా 2 నుంచి పోయినవే. అప్పులిచ్చిన ఇంటికి మర్యాద దక్కలేదు.

కొత్త ప్లేయర్:
నేనింకా ఆడలేదు. ఆగమన్నా ఆగకుండా స్పాయిలర్లన్నీ చదివేశాను. ఇప్పుడు కొనాలా వద్దా?

ఆరిజిన్స్ అభిమాని:
సేల్‌లో దొరికితే కొను తమ్ముడూ. పూర్తి ధర మాత్రం పెట్టకు.

లోటౌన్ లక్ష్మి:
కొను. మేజ్‌గా మొదలుపెడితే చెల్లి బెథనీ మొదట్లోనే పోతుంది, తమ్ముడు కార్వర్ మిగులుతాడు. ఎప్పుడూ మొహం మాడ్చుకునే ఉంటాడు, అయినా ఓపిక పట్టు. జట్టులోని ఫెన్రిస్‌కి మేజ్‌లంటే పడదు, వాణ్ణి మంచి చేసుకోవాలని తంటాలు పడకు. శత్రుత్వం మీటర్ నిండా పెంచినా వాడు వదిలిపోనక్కర్లేదు, ఆ మాటల పోట్లాట స్నేహం కన్నా బాగుంటుంది. లెగసీ కూడా కలిపి తీసుకో. డీప్ రోడ్స్‌కి ఆండర్స్‌ని మర్చిపోకు.