కొలంబస్: పక్కింట్లో భూటాన్ నేపాలీ వాళ్ళు, కవర్లు పట్టుకొస్తున్నారు

నవంబరు 2014
అందరికీ నమస్తే. నేను అమెరికాకి, ఇక్కడ కొలంబస్‌కి, హెచ్4 (మా వారి ఉద్యోగం వీసా మీద భార్యకిచ్చే వీసా) మీద వచ్చి రెండు నెలలైంది. పక్క అపార్ట్‌మెంట్లో కొత్తగా నేపాలీ వాళ్ళు దిగారు, భూటాన్ శరణార్థులంట, రోజూ ఏదో కవరు తెచ్చి చదివి చెప్పమంటారు. నాకే ఇక్కడ ఏం తెలీదు, ఏం చెప్పను?

జవాబు:
అమ్మాయ్, వాళ్ళు నేరుగా భూటాన్ నుంచి రాలేదు. 1990 ప్రాంతంలో భూటాన్లో ఉండే నేపాలీ మాట్లాడేవాళ్ళని అక్కణ్ణుంచి వెళ్ళగొడితే తూర్పు నేపాల్లో ఝాపా, మొరంగ్ క్యాంపుల్లో వెదురు గుడిసెల్లో ఏళ్ళకేళ్ళు ఉన్నారు, 2008 నుంచి ఇక్కడికి వస్తున్నారు. ఇంట్లో పిల్లలుంటే వాళ్ళు భూటాన్ మొహం కూడా చూసుండరు.

ఇక కవర్లు. ఐఓఎమ్ (శరణార్థుల ప్రయాణం చూసే అంతర్జాతీయ సంస్థ) అని ఉంటే పారేయనివ్వకు, అది విమానం టికెట్ల అప్పు, వడ్డీ లేదు గానీ ఆరు నెలల తర్వాత నుంచి కట్టాలి. మా కిందింటాయన తెస్తే జంక్ మెయిల్ లెండి అని చెప్పింది నేనే, తర్వాత వాళ్ళకి వసూలు ఫోన్లు మొదలయ్యాక తల ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు. నెలనెలా కడితే క్రెడిట్ హిస్టరీ కూడా వస్తుంది. ఏడాది నిండాక గ్రీన్ కార్డుకి అప్లై చెయ్యాలి, గవర్నమెంటు ఫీజు లేదు (మన వాళ్ళలా ఏళ్ళ తరబడి పడిగాపులూ లేవు, కుళ్ళుకోకు). ఇంకోటి, చాలామందికి పుట్టినరోజు జనవరి 1 అని ఉంటుంది, తప్పేమో అని ఫారంలో మార్చకు, కాగితాల్లో ఎలా ఉంటే అలాగే రాయి.

ఇంకో జవాబు:
అక్క చెప్పినవన్నీ కరెక్టే, కానీ ఆఫీసులకి ఫోన్లన్నీ నువ్వే చెయ్యకమ్మా, ఆ ఇంటి కోడలి చేత చేయించి పక్కన కూర్చో, లేకపోతే రెండేళ్ళయినా నీ తలుపే కొడతారు. ఆ ఇంట్లో నిజంగా చితికిపోయేది ముసలాళ్ళు. కొడుకూ కోడలూ వేర్‌హౌస్ షిఫ్టులకి పోతారు, పొలం చేసుకున్న మనిషి నాలుగ్గోడల మధ్య మంచు చూస్తూ కూర్చుంటాడు. పైగా అరవై ఐదు దాటినవాళ్ళకి వచ్చే ఎస్ఎస్ఐ (ఆదాయం లేని ముసలాళ్ళకి గవర్నమెంటు నెలనెలా ఇచ్చే డబ్బు) ఏడేళ్ళే, ఆ లోపు సిటిజన్ అవ్వకపోతే ఆగిపోతుంది, అందుకని ఆ సిటిజన్ పరీక్ష కోసం తాత ఈ వయసులో ఏబీసీడీలు దిద్దాలి. కవరు చదివేసి పంపెయ్యకుండా ఒకసారి టీకి వెళ్ళు.

మళ్ళీ నేనే:
వెళ్ళొచ్చానండీ! తాతగారు హిందీ మాట్లాడతారు, నాకంటే బాగా. వస్తుంటే మామ్మగారు గుంద్రుక్ అని ఎండబెట్టిన పుల్లటి ఆకు పొట్లం కట్టిచ్చారు. దాన్ని పప్పులో వెయ్యొచ్చా, ముందు నానబెట్టాలా?