అప్‌డేట్: ఆ ఎర్ర స్ట్రాటోకాస్టర్ సంగతి

దుకాణంలో చూసిన ఎర్రని ఫెండర్ స్ట్రాటోకాస్టర్ ఎలక్ట్రిక్ గిటార్ పూర్తిగా 1966 నాటిదేనా అని ఇంతకుముందు అడిగాను. పిక్‌గార్డ్ (గిటార్ ముందువైపు పలక) విప్పించి, పాట్ల (శబ్దం, టోన్ సవరించే మీటల కింద ఉండే విద్యుత్ భాగాల) వెనుక అంకెలు చదవమన్నవారికి మనఃపూర్వక కృతజ్ఞతలు.

దుకాణదారు అభ్యంతరం చెప్పకుండా విప్పి చూపించారు. రెండు పాట్ల మీద 1376612 అని ఉంది: 137 అంటే తయారుచేసిన సీటీఎస్ సంస్థ, 66 సంవత్సరం, 12 ఆ ఏడాదిలో వారం. మూడోదాని మీద 1377904 అని ఉంది, అంటే అది 1979 నాటిది. దాని సోల్డర్ కూడా మిగతావాటిలా మసకబారక తళతళలాడుతోంది. పాట్ అరిగితే మార్చక తప్పదు కనుక దానికి నేను బాధపడలేదు.

మనసు చివుక్కుమన్నది మెడ విప్పాకే. మెడ కూర్చునే గూటి అంచున ఎరుపు కింద సన్‌బర్స్ట్ (మధ్యలో పసుపుగా ఉండి అంచులకు ముదురయ్యే రంగుల పూత) పసుపు కనిపించింది. ఫ్యాక్టరీలోనే కొన్నిసార్లు సన్‌బర్స్ట్ మీద వేరే రంగు వేసేవారు కాబట్టి అదొక్కటే రుజువు కాదు; కానీ ఎరుపు స్క్రూ రంధ్రాల్లోకి కారి గడ్డకట్టింది, పాత లక్కర్ పూతలో సాధారణంగా కనిపించే వెంట్రుకవాసి పగుళ్లు ఒక్కటీ లేవు. అది తర్వాత వేయించిన రంగేనని నేను నిర్ధారించుకున్నాను.

ఇవన్నీ చూపించాక దుకాణదారు ‘ఒరిజినల్’ అన్న చీటీ తీసేసి, ధర బాగా తగ్గించారు. మెడ చేతికి ఎంతో హాయిగా అమరినందువల్ల, రంగు మార్చిన గిటార్ అని బిల్లులో రాయించుకుని తీసుకున్నాను.