సమస్యాపూరణం: పొయ్యి లేని యింట పొగలు లేచె

సంచాలకుడు:
మిత్రులందరికీ నమస్కారం. ఈ వారం సమస్య ఇది.

పొయ్యి లేని యింట పొగలు లేచె

ఇది ఆటవెలది పద్యానికి నాలుగో పాదం. ముందరి మూడు పాదాలూ మీరు రాసి, ఈ వింతకు అర్థం కుదర్చాలి. విషయం: పేటలో కొత్తగా తెరుచుకుంటున్న భోజనశాలలు. నగరంలో ఏ పేట తీసుకున్నా ఇదే సంబరం కదా. నిన్నటిదాకా తాళం వేసి ఉన్న గదికి ఇవాళ రంగుదీపాలు, వారం తిరిగేసరికి గుమ్మం ముందు వరుస. ఆ సందడిలోంచి ఈ ముడి విప్పండి. పాత ఋషుల ఆశ్రమాలకు, యజ్ఞగుండాలకు పారిపోవద్దని మనవి. అక్కడ పొగ సులువుగానే దొరుకుతుంది.

కొత్తగా చేరినవారి కోసం లక్షణం ఒకసారి: 1, 3 పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. 2, 4 పాదాల్లో అయిదూ సూర్యగణాలే. గణమంటే గురువుల (నిడివిగా పలికే అక్షరాల), లఘువుల (పొట్టిగా పలికేవాటి) చిన్న కూర్పు. నాలుగో గణం మొదటి అక్షరం యతిస్థానం, అంటే అది పాదం మొదటి అక్షరంతో హల్లులోనూ అచ్చులోనూ పొత్తు కుదరాలి. ప్రాసనియమం (పాదాలన్నిటా రెండో అక్షరం కలవడం) లేదు కాబట్టి ఊపిరి పీల్చుకోండి.

కొత్తకలం:
గురువుగారూ, ఇది నా రెండో పద్యమే. తప్పులుంటే మన్నించండి. మా గది కథే రాశాను.

కొత్త హోటలొకటి క్రిందింట వెలసెను
దాని గొట్టమేమొ దారి తప్పి
మా కిటికికిఁ దిరిగె మాడువాసనలతో
పొయ్యి లేని యింట పొగలు లేచె

ఛందోభిమాని:
గణాలన్నీ సరిపోయాయండీ, రెండో పద్యానికి ఇది మెచ్చుకోదగ్గదే. రెండు చిక్కులున్నాయి. మొదటి పాదంలో 'కొ'కు 'క్రిం' యతి చెల్లదు. హల్లు కుదిరింది కానీ అచ్చు కుదరలేదు. ఒకారానికి ఉ, ఊ, ఒ, ఓలే మైత్రి, ఇకారం కాదు. రెండోది, మూడో పాదం చివరి 'తో' ద్రుతప్రకృతికం, అంటే చివర నకారం (ద్రుతం) దాగి ఉన్న మాట. దాని మీద 'పొయ్యి' వస్తే 'బొయ్యి' అవుతుంది. ఇచ్చిన సమస్య మొదటి అక్షరమే మారిపోయిందన్నమాట.

సంచాలకుడు:
ఛందోభిమాని గారు చెప్పినవి సవరించుకోవచ్చు. నాకు అంతకన్నా ముఖ్యంగా తోచింది ఇంకొకటి. పొగ ఎక్కడిదో చెప్పారు, బాగుంది. మీ ఇంట పొయ్యి ఎందుకు లేదో చెప్పలేదమ్మా. సమస్యలో వైరుధ్యం రెండు కాళ్ళ మీద నిలబడుతుంది: పొయ్యి లేకపోవడం, పొగ రావడం. మీరు ఒక కాలికే కారణం కట్టారు.

కొత్తకలం:
నిజమే గురువుగారూ, మేం నలుగురం ఉద్యోగాలవాళ్ళం, గదిలో వంట లేదు. అది నాకు తెలుసు కాబట్టి పద్యానికీ తెలుసనుకున్నాను! సవరించాను:

కొత్త హోటలొకటి గోడ పక్కన వచ్చె
వంట మాకు లేదు వాని గొట్ట
మెదుట నున్న కిటికి మీదకే నోర్విప్పె
పొయ్యి లేని యింట పొగలు లేచె

ఒక సందేహం. 'విప్పెను' కూడా ద్రుతాంతమే కదా, ఇక్కడ 'బొయ్యి' కాదా?

ఛందోభిమాని:
మంచి ప్రశ్న. అక్కడ వాక్యం ముగిసింది, విరామం ఉంది, సంధి చేయకపోయినా దోషం లేదు. 'వాసనలతో' దగ్గర వాక్యం ఇంకా నడుస్తోంది, అందుకే పట్టుకున్నాను. 'గొట్టమెదుట' పాదం విరిచి కిందికి దిగడం చక్కగా కుదిరింది, గొట్టం కూడా అలాగే గోడ దాటి వచ్చినట్టుంది.

పొరుగింటి పెద్ద:
పద్యం సంగతి పెద్దలు చూస్తారు. గొట్టం సంగతి నేను చెబుతాను, ఆ పనిలో కొన్నాళ్ళు ఉన్నవాణ్ణి. పొయ్యి మీద గూడు కట్టి, జిడ్డు పట్టే జల్లెడలు పెట్టి, గొట్టాన్ని మేడ పైకప్పు దాటించి వదలాలి అమ్మాయీ. వేడిగాలి పైకి పోతుంది, ఎవరి ఇంటికీ రాదు. ఖర్చు తగ్గించుకోవడానికి పక్కగోడలోంచే తీసేస్తారు కొందరు. జిడ్డు పేరుకుంటే ఆ గొట్టంలోనే నిప్పు అంటుకుంటుంది కూడా. పద్యం రాస్తే రాశావు, భవనం యజమానికి ఒక ఉత్తరం కూడా రాయి.

మూడుపూటలు:
నాది ఇంటి పోరు.

మూల మలుపులోన మూడు హోటళ్ళును
వెలసె నింట వంట వెలితి యయ్యె
నేది మేలటంచు నింటిలోఁ దగవాయె
పొయ్యి లేని యింట పొగలు లేచె

సంచాలకుడు:
భేష్! పొగను కోపం చేశారు. పొయ్యి లేకపోవడానికీ, పొగ లేవడానికీ మూడు హోటళ్ళే కారణం కావడం ఇందులో అందం. ఒక్క కారణంతో రెండు కాళ్ళూ నిలిచాయి. అయితే 'నింట', 'నింటిలో', 'యింట' అని మూడుసార్లు ఇల్లు వచ్చింది. సమస్యలోని 'యింట' తప్పదు, మిగతా రెంటిలో ఒకటైనా తగ్గించండి.

ఛందోభిమాని:
'హోటళ్ళును' లో 'ను' పూరకం కోసం వేసిందేమో?

మూడుపూటలు:
కాదండీ. మూడూ ఒక్కసారే అన్న అర్థానికి వేశాను. ఒకటి వచ్చి ఉంటే పోరు ఉండేదే కాదు!

పొరుగింటి పెద్ద:
మూడూ ఒకే మూల ఎందుకు తెరుస్తారో అని నాకెప్పుడూ అనుమానం. ఊరంతా ఖాళీ పెట్టుకొని ఒకరి పక్కన ఒకరు.

వెన్నెలవాకిలి:
దానికి ఒక ఆర్థికశాస్త్రవేత్త 1929లోనే లెక్క కట్టాడండీ. ఇద్దరు అమ్మకందారులు ఒకే వీధిలో ఉంటే, ఎదుటివాడి కొనుగోలుదారులను లాక్కోవాలని ఒక్కో అడుగూ జరుగుతూ చివరికి ఇద్దరూ నడిమధ్యకు చేరి పక్కపక్కన నిలబడతారని. ఆయన పేరు హెరాల్డ్ హోటెలింగ్. పేరులోనే హోటలు పెట్టుకున్నాడు, ఇంకెవరు చెప్పాలి ఆ మాట!

ఇక నా పూరణ:

క్రొత్త హోటలందుఁ గుండలో నీటిపైఁ
బొడిగ నుండు మంచు పోసినంత
నగ్గి లేక తెల్లనౌ మబ్బు పర్వెను
పొయ్యి లేని యింట పొగలు లేచె

ఛందోభిమాని:
'నీటిపైఁ బొడిగ' అని 'పొ'ను 'బొ'గా మార్చే సరళాదేశం చూసుకొని రాశారు, సంతోషం. యతులూ బాగున్నాయి.

సంచాలకుడు:
ఊహ కొత్తది. బల్ల మీద మబ్బు కమ్మించి ఫోటోలు తీయించే వేడుక ఇప్పుడు అన్నిచోట్లా ఉంది. కాని నాకు రెండు అభ్యంతరాలు. పొడిమంచు అంటే గడ్డకట్టిన బొగ్గుపులుసు వాయువు, సున్నాకు 78 డిగ్రీల దిగువన ఉంటుంది. దాని చలికి గాలిలోని తేమ సన్నని బిందువులై కనబడుతుంది. అది పొగ కాదు, మీరే 'మబ్బు' అన్నారు కూడా. మూడో పాదంలో మబ్బు, నాలుగో పాదంలో పొగ అయితే చదువరి దేన్ని నమ్మాలి? పోలిక అని ఒక్క మాట పడి ఉంటే సరిపోయేది. రెండో అభ్యంతరం, హోటల్లో పొయ్యి లేకపోవడం ఎలా? వెనక వంటగదిలో ఉంటుంది కదా.

వెన్నెలవాకిలి:
రెండోదానికి జవాబు లేదు, ఒప్పుకుంటున్నాను. మొదటిదానికి... కవికి ఆమాత్రం పొగమంచు చాలదా గురువుగారూ?

చివరిపాదం:
అందరూ 'హోటలు' అంటున్నారు. 'రెస్టారెంటు' పద్యంలో ఇమడదనా? రె, స్టా, రెం మూడూ గురువులు, చివర లఘువు. వరుసగా మూడు గురువులు ఏ ఇంద్రగణంలోనూ లేవు, సూర్యగణం సంగతి చెప్పనే అక్కర్లేదు. అయినా మాటను గణాల మధ్య విరిస్తే దారి దొరుకుతుంది.

వాడ చివరఁ గొత్త వన్నె రెస్టారెంటు
వచ్చినట్లె వెళ్ళె వత్సరమున
నప్పు పడిన గుండె యగ్గిగా మారెను
పొయ్యి లేని యింట పొగలు లేచె

ఛందోభిమాని:
అహా! 'వన్నెరె' రగణం, 'స్టారెంటు' తగణం, రెండూ ఇంద్రగణాలే. చేయి తిరిగిన పని. ఆ మాట ఫ్రెంచిలో 'తేరుకునేట్టు చేసేది' అన్న అర్థంలోంచి వచ్చింది, 18వ శతాబ్దపు పారిస్ సంగతి. మీ పద్యంలో మాత్రం పెట్టినవాడే తేరుకోలేదు.

మూడుపూటలు:
నవ్వుతూ చదువుతున్న దారంలో ఇది గుచ్చుకుంది. పదింట తొమ్మిది మొదటి ఏడాదే మూతపడతాయంటారు కదా.

వెన్నెలవాకిలి:
అంటారు, అంత లేదు. అమెరికాలో కొలంబస్ నగరాన్ని పట్టుకొని పార్సా బృందం చేసిన పరిశీలన 2005లో అచ్చయింది. మొదటి ఏడాది పోయినవి దాదాపు 26 శాతం, మూడేళ్ళకు కలిపితే 60 దగ్గర. 'వత్సరమున' అన్నది నాలుగింట ఒకదాని కథ.

చివరిపాదం:
నేను రాసింది ఆ ఒకదాని గురించే అండీ.

సంచాలకుడు:
ఇక్కడ విమర్శించడానికి మనసు రావడం లేదు గాని, పని కాబట్టి చెబుతాను. నాలుగో పాదంలోని ఇల్లు మూసిన హోటలా, యజమాని ఇల్లా? రెండు రకాలుగానూ చదువుకున్నాను. మొదట ఇది లోపమనుకున్నాను. రెండోసారి చదివాక మార్చమని అడగదలచుకోలేదు.

నా పూరణ కూడా పెట్టి ముగిస్తాను. సమస్యకు ఎడమవైపు ఒక మాట అతికించడం పాత ఎత్తే.

కట్టె మంట మీఁదఁ గాలిన రుచి యంచుఁ
గ్రొత్త హోటలొకటి గొప్ప కెక్కె
వంటవారి కంట వానలే యే గ్యాసు
పొయ్యి లేని యింట పొగలు లేచె

ఛందోభిమాని:
సంచాలకులైనా వదలను. 'యే' బలవంతంగా కూర్చున్నట్టుంది.

సంచాలకుడు:
కూర్చుంది. గ్యాసుకు ముందు గురువు కావలసి వచ్చి దాన్ని కూర్చోబెట్టాను. ఇంతకన్నా మంచిది దొరికినవారు చెప్పండి.

కొత్తకలం:
గురువుగారూ, పెద్దాయన చెప్పినట్టే ఉత్తరం రాశాం. నిన్న పనివాళ్ళు వచ్చి గొట్టాన్ని పైకప్పు దాకా పొడిగించారు. కిటికీ తెరిచి పడుకున్నాం. మరి నా పద్యం ఇప్పుడు అబద్ధమైంది, తీసేయనా?

సంచాలకుడు:
ఉంచండమ్మా. యతి ఇప్పుడే కుదిరింది.